షూ రెండో కాలికి మారితే: ఒక ఇంగ్లిష్ జాతీయాన్ని విప్పి చూసి, సరిగ్గా వాడటం ఎలా?

ఆరేళ్ల కిందట ఒక ఇంగ్లిష్ క్రైమ్ సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని వచ్చింది నాకు. మొదటి ఎపిసోడ్‌లో ఒక పోలీసు అధికారి ఒక కుర్రాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, మొహం మీద లైటు వేసి గంటల తరబడి ప్రశ్నలతో నంజుకు తింటాడు. ఆరో ఎపిసోడ్‌కి వచ్చేసరికి కథలో పదేళ్లు గడిచిపోతాయి. ఇప్పుడు లంచం కేసు ఆ అధికారి మీదే. అదే గది, అదే లైటు. ఎదుటి పక్షం లాయరుగా వచ్చి కూర్చున్నది ఆ కుర్రాడే. ఫైలు తెరిచి, చిన్నగా నవ్వి ఒకే మాట అంటాడు: "ది షూ ఈజ్ ఆన్ ది అదర్ ఫుట్ నౌ."

నేనేం రాశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. "బూటు ఇప్పుడు ఇంకో కాలికి ఉంది."

సాయంత్రం ఎడిటర్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఆయన కాలికేమైంది? ముందు సీన్లో ఏమన్నా దెబ్బ తగిలిందా?"

ఆ ఒక్క వాక్యం మీద ఆ రాత్రంతా కూర్చున్నాను. డిక్షనరీలో అర్థం చూస్తే ఒక్క లైనే ఉంది: పరిస్థితి తారుమారైంది అని. అది చదివితే అర్థమైనట్టే ఉంటుంది, వాడబోతే మాత్రం చేతికి రాదు. తర్వాత తర్వాత నాకు తెలిసిందేమిటంటే, ఇలాంటి మాటల్లో ఒక వస్తువు దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మాట ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో దానంతటదే తెలుస్తుంది. ఈ జాతీయాన్ని, దాని పక్కనే తిరిగే "టర్న్ ది టేబుల్స్"ని (ఓడిపోతున్నవాడు ఎదురుతిరిగి పైచేయి సాధించడం) అలా విప్పి చూద్దాం.

మొదటి మెట్టు: అర్థాన్ని మూడు ముక్కలు చేయండి

"షూ ఈజ్ ఆన్ ది అదర్ ఫుట్" అనాలంటే మూడు ఉండాలి. ఒకటి, ఇద్దరు మనుషులు, లేదా రెండు పక్షాలు. రెండు, వాళ్లలో ఒకరిది ఇదివరకు పైచేయి అయి ఉండాలి. మూడు, ఆ పైచేయి ఇప్పుడు రెండోవాళ్లకి పోయి ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఈ మాట అతకదు.

ఒక ఉదాహరణ. రమణగారి ఇంట్లో పదేళ్లు అద్దెకున్నాడు సుబ్బారావు. మేకు కొట్టాలన్నా అడగాలి, చుట్టాలొస్తే నీళ్ల మోటారు ఎక్కువసేపు వేశావని మాట పడాలి. చివరికి ఆ ఇల్లు అతనే కొనుక్కున్నాడు. రమణగారు సొంతూరు వెళ్లేలోపు ఆరు నెలలు అదే ఇంట్లో అద్దెకుండాల్సి వచ్చింది. ఇప్పుడు మేకు కొట్టాలంటే రమణగారు అడగాలి. షూ రెండో కాలికి మారింది.

ఇంకో రకం చూడండి. షేర్లలో డబ్బంతా పోగొట్టుకుని కారు అమ్మేసి, ఒకాయన బస్సెక్కి ఆఫీసుకు వెళుతున్నాడు. పరిస్థితి తారుమారైన మాట నిజమే. కానీ రెండో మనిషి ఎక్కడ? ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు, ఎవరి స్థానంలోకీ ఆయన పోలేదు. ఇక్కడ ఈ జాతీయం వాడితే ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లు ఒక్క క్షణం ఆగి మీ మొహం చూస్తారు. డిక్షనరీ ఇచ్చిన ఒక్క లైను అర్థంతో వచ్చే చిక్కు ఇదే.

రెండో మెట్టు: షూ లోపలికి తొంగి చూడండి

నాకు మొదట తగిలిన పెద్ద సందేహం, ఇంకో కాలు అంటే ఇంకొకరి కాలా, అదే మనిషి రెండో కాలా? అర్థం చూస్తే ఇద్దరు మనుషుల మధ్య మార్పు. మాట చూస్తే ఒకే మనిషి కుడికాలు, ఎడమకాలు. ఈ రెండూ ఎక్కడ కలిశాయో తెలియాలంటే చెప్పుల చరిత్రలోకి కాస్త వెళ్లాలి.

దానికి ముందు ఒక చిన్న అనుభవం. తమ్ముడి పెళ్లికి షేర్వానీ మీదకి జూతీలు కొందామని చార్మినార్ దగ్గర ఒక కొట్టుకెళ్లాం. ముందు వైపు కొన తిరిగి, జరీ పని చేసిన జత ఒకటి నచ్చింది. వేసుకోబోతూ తమ్ముడు రెండూ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "అన్నా, ఇందులో కుడిదేది?" కొట్టతను నవ్వాడు. "ఏదన్నా ఏస్కో భయ్యా. నాల్రోజులు తొడుగు. ఏది కుడిదో ఏది ఎడమదో అదే నేర్చుకుంటది."

చేత్తో కుట్టే జూతీల పద్ధతి అదే. రెండూ ఒకే ఆకారంలో ఉంటాయి, వేసుకునేవాడి కాలిని బట్టి తోలు సాగి రూపం తీసుకుంటుంది. ఒకప్పుడు ఇంగ్లండులో కూడా దాదాపు అన్ని బూట్లూ ఇలాగే ఉండేవంటే మనకి నమ్మబుద్ధి కాదు.

విచిత్రమేమిటంటే, అంతకు ముందు కాలంలో అక్కడ కుడి ఎడమలు ఉండేవి. ఉత్తర ఇంగ్లండులో హేడ్రియన్ గోడ దగ్గర విందొలాండా అనే రోమన్ సైనిక కోట తవ్వకాల్లో వేలకొద్దీ తోలు చెప్పులు, బూట్లు బయటపడ్డాయి. రోమన్ల చెప్పుల అడుగులు కుడికాలికి ఒక వంపు, ఎడమకాలికి ఒక వంపు తిరిగి ఉంటాయి. మధ్యయుగంలోనూ అలాంటివి కుట్టారు. ఆ తర్వాత 1600 ప్రాంతంలో ఎత్తుమడమల ఫ్యాషన్ వచ్చి పడింది. బూటు కుట్టాలంటే పాదం ఆకారంలో చెక్కిన చెక్క అచ్చు కావాలి. దాని చుట్టూ తోలు లాగి కుడతారు. మడమ ఎత్తు వచ్చేసరికి అచ్చు చెక్కడం కష్టమైంది. ఒక్కో సైజుకీ, ఒక్కో మడమ ఎత్తుకీ కుడికొకటి, ఎడమకొకటి అద్దంలో ప్రతిబింబంలా చేతితో చెక్కాలంటే పని రెట్టింపు, ఖర్చు రెట్టింపు. చెప్పులు కుట్టేవాళ్లు తేలిక దారి పట్టారు. ఒకే తిన్నని అచ్చు మీద రెండు బూట్లూ కుట్టేశారు. వీటిని ఇంగ్లిష్‌లో "స్ట్రెయిట్స్" అంటారు. దాదాపు 200 ఏళ్లు రాజుగారి నుంచి బంట్రోతు దాకా అందరూ ఇవే తొడిగారు.

1800 తర్వాత మళ్లీ గాలి మారింది. మడమలు తగ్గాయి, కుడి ఎడమలు మెల్లగా తిరిగొచ్చాయి. 1820 ప్రాంతంలో అమెరికాలో మసాచుసెట్స్‌కి చెందిన థామస్ బ్లాంచర్డ్ ఒక రకం లేత్ యంత్రం తయారుచేశాడు. నిజానికి అది తుపాకీల చెక్క భాగాలు చెక్కడానికి పుట్టిన యంత్రం. ఒక నమూనా పెడితే దాని వంపుసొంపులన్నీ తడుముతూ అలాంటిదే ఇంకోటి చెక్కుతుంది. ఆ పద్ధతి బూట్ల అచ్చులకీ పనికొచ్చింది. చేత్తో చెక్కే బాధ పోయాక కుడికొకటి ఎడమకొకటి చేయడం భారం కాలేదు. 19వ శతాబ్దం సగం దాటేసరికి మనకి తెలిసిన జత బూట్లు మామూలైపోయాయి.

ఈ జాతీయం జనం నోట బాగా నలిగింది కూడా ఆ శతాబ్దంలోనే. ఇది ఎలా పుట్టిందనే దానికి రెండు వివరణలు చెబుతారు. మొదటిది: స్ట్రెయిట్స్ కాలంలో ఒక బూటు కుడికాలిని కరుస్తుంటే విప్పి ఎడమకాలికి వేసుకోవచ్చు. అంటే కరవడం అనే బాధ ఈ కాలి నుంచి ఆ కాలికి మారింది. రెండోది: కుడి ఎడమలు విడిపోయాక ఒకదాని స్థానంలో ఇంకోటి వేసుకుంటే, నిన్నటిదాకా హాయిగా ఉన్న కాలు ఈ రోజు నొప్పి పుడుతుంది.

నాకు మొదటిదే బాగుంది. రెండో వివరణలో ఉన్నది పొరపాటు మాత్రమే. మొదటిదానిలో బాధ చేతులు మారుతుంది (కాళ్లు మారుతుంది అనాలేమో). జాతీయం అర్థం కూడా అదే కదా, నిన్న నిన్ను కరిచిన బూటు ఈ రోజు నన్ను కరుస్తోంది. ఒక మనిషి రెండు కాళ్లు ఇద్దరు మనుషులకి గుర్తుగా మారిపోవడం ఇక్కడే జరిగింది. కరిచే బూటు ఒకటే, అది తొడిగించుకునే కాలు మారుతుంది. నా సబ్‌టైటిల్‌లో బూటూ వచ్చింది, కాలూ వచ్చింది. కరవడం రాలేదు.

ఇంకో సంగతి. మొదట్లో ఈ మాటకి అర్థం కాస్త వెడల్పుగా ఉండేది. "అసలు నిజం నువ్వన్నదానికి సరిగ్గా తిరగేసి ఉంది" అనే చోట కూడా వాడేవారు. నువ్వు నాకు బాకీ అని ఒకడంటే, కాదు బూటు రెండో కాలికుంది, నువ్వే నాకు బాకీ అని రెండోవాడు అనడం లాంటిది. పైచేయి మారడం అనే ఇప్పటి అర్థం తర్వాత గట్టిపడింది.

మూడో మెట్టు: బల్ల కాదు, పలక తిప్పండి

"టర్న్ ది టేబుల్స్" అంటే చాలామంది భోజనాల బల్ల అనుకుంటారు. కోపమొచ్చి బల్ల తిరగేసినట్టు. ఇంకో కథ కూడా తిరుగుతోంది: పాతకాలం బీద ఇళ్లలో బల్ల పైపలకకి ఒకవైపు నున్నగా ఒకవైపు గరుకుగా ఉండేదనీ, చుట్టాలొస్తే తిప్పి నున్న వైపు పైకి పెట్టేవారనీ. వినడానికి బాగుంటుంది గానీ ఈ మాటకీ ఫర్నిచర్‌కీ సంబంధం లేదు.

ఇక్కడ టేబుల్స్ అంటే ఒక ఆట పేరు. ఇప్పుడు బ్యాక్‌గామన్ అంటున్న ఆట కుటుంబాన్ని మధ్యయుగపు ఇంగ్లండులో "టేబుల్స్" అనేవారు. మూలం పలక అనే అర్థమున్న లాటిన్ మాట "తబులా". అదే పేరుతో రోమన్లు ఒక ఆట ఆడేవారు. 5వ శతాబ్దం చివర కాన్‌స్టాంటినోపుల్‌ని ఏలిన జీనో చక్రవర్తి ఆ ఆటలో మంచి స్థితిలో ఉండి, మూడు పాచికలు వేస్తే 2, 5, 6 పడి, ఉన్న కట్టంతా చెదిరిపోయి నాశనమైన సంగతిని తర్వాతి శతాబ్దంలో అగాథియాస్ అనే కవి పద్యంగా రాసి పెట్టాడు. చక్రవర్తి యుద్ధాలకంటే ఒక పాడు పందెం ఎక్కువ కాలం గుర్తుండిపోవడం తమాషా. మన భాషలో కూడా "పాచిక పారింది", "పాచిక పారలేదు" అనే మాటలు ఇలాంటి ఆటల్లోంచి వచ్చినవే.

ఇప్పటి బ్యాక్‌గామన్ పలక మీద 24 గళ్లు, ఒక్కొక్కరికి 15 కాయలు, రెండు పాచికలు ఉంటాయి. పలకకి అటొకరు ఇటొకరు కూర్చుంటారు. ఆట మధ్యలో పలకని అలాగే, కాయలు కదలకుండా, సగం చుట్టు తిప్పితే ఏమవుతుంది? మీ కాయలు నావి, నావి మీవి. మీ గెలుపు నాది, నా ఓటమి మీది. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు, ఒక్క కాయ కూడా కదల్లేదు.

ఇది నాకు పుస్తకాలు చదవకముందే తెలుసు, పేరు తెలియదంతే. పదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో మా బాబాయ్‌తో చెస్ ఆడేవాణ్ని. ఒకరోజు ఆయన మంత్రి పోయింది, ఏనుగు పోయింది, నాకు నాలుగు పావులు ఎక్కువున్నాయి. "నేనే గెలిచా, నేనే గెలిచా" అని ఇల్లంతా గెంతుతున్నాను. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా రెండు చేతులతో బోర్డు అంచులు పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. "సరే, ఇప్పుడు నువ్వు నావి ఆడు" అన్నాడు. పదిహేను ఎత్తుల్లో ఆట కట్టు. గెలిచిన స్థితి నాదేననుకున్నాను, అది ఆ తెల్ల పావులదని అప్పుడు తెలిసింది.

1634లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో రాబర్ట్ శాండర్సన్ అనే ఇంగ్లిష్ మతబోధకుడు (తర్వాత లింకన్ బిషప్ అయ్యాడు) ఈ మాట వాడిన తీరు కూడా సరిగ్గా ఇలాంటిదే. ఇంకొకరికి అన్యాయం చేస్తున్నవాణ్ని ఉద్దేశించి, పలక తిప్పి చూడు, నీ ఆట నీ పొరుగువాడు ఆడుతున్నట్టు, అతని ఆట నువ్వు ఆడుతున్నట్టు ఊహించుకో అంటాడు. గమనించారా, అక్కడ పగ లేదు, గెలుపు లేదు. ఎదుటివాడి వైపు నుంచి చూడమనే మాట అది. తర్వాత కాలంలో ఆ మెత్తదనం పోయి, ఓడిపోతున్నవాడు ఎదురుతిరిగి కొట్టడం అనే అర్థం నిలిచింది. మాటకి అది నష్టమే అనిపిస్తుంది నాకు.

నాలుగో మెట్టు: రూపం తప్పకుండా పట్టుకోండి

ఇది గబగబా చెప్పేస్తాను. అమెరికన్లు "షూ" అంటారు, బ్రిటిష్‌వాళ్లు "బూట్" అంటారు. పాత పుస్తకాల్లో ఫుట్ బదులు "లెగ్" కనిపిస్తుంది. 1908లో చర్చిల్ తన ఆఫ్రికా ప్రయాణాల పుస్తకంలో లెగ్ అనే రాశాడు. ఇప్పుడు ఎవరూ అలా అనరు, మీరూ అనకండి. షూ ఎప్పుడూ ఏకవచనమే, ముందు "ది" తప్పనిసరి. టేబుల్స్ ఎప్పుడూ బహువచనమే. "టర్న్‌డ్ ది టేబుల్" అంటే నిజంగా బల్ల తిప్పాడనే అర్థం వస్తుంది.

ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. టేబుల్స్ తిప్పేవాడు ఒకడుంటాడు: "షి టర్న్‌డ్ ది టేబుల్స్ ఆన్ హిమ్." ఆవిడ పూనుకుని తిప్పింది, ఎవరి మీద తిప్పిందో వాళ్ల పేరుకి ముందు "ఆన్" వస్తుంది. షూ మాత్రం ఎవరూ మార్చినట్టు చెప్పరు, అది మారి ఉంటుంది. కాలం మార్చిందో, పదవి మార్చిందో, ఖర్మ మార్చిందో. పూనిక ఉంటే టేబుల్స్, ఉన్న స్థితి చెప్పాలంటే షూ.

వాదనలో బాగా పనికొచ్చే రూపం ఇంకోటి: "ఇఫ్ ది షూ వర్ ఆన్ ది అదర్ ఫుట్." అంటే, అదే పని నేను నీకు చేసి ఉంటే నువ్వు ఊరుకునేవాడివా అని. ఊహించి అనేది కాబట్టి "వాజ్" కన్నా "వర్" బాగుంటుంది. శాండర్సన్ టేబుల్స్‌తో చెప్పిన మాటని ఇప్పుడు జనం ఎక్కువగా ఈ షూ రూపంతో చెబుతున్నారు.

మర్యాద సంగతి కూడా చూసుకోండి. ఈ మాటలో ఎత్తిపొడుపు ఉంది. మీకు ప్రమోషన్ వచ్చి, పాత మేనేజర్ మీ టీమ్‌లోకి వస్తే మీరు ఈ మాట అనకూడదు. ఆయన తన గురించి తాను నవ్వుతూ అనుకుంటే బాగుంటుంది.

ఐదో మెట్టు: రెండు మ్యాచ్‌ల మీద పరీక్ష పెట్టండి

రెండు జాతీయాల తేడా బుర్రలో స్థిరపడాలంటే క్రికెట్ కన్నా మంచి గైడు లేదు.

2001 మార్చి, కోల్‌కతా టెస్టు. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది స్టీవ్ వా ఆస్ట్రేలియా. వాళ్లు 445 కొట్టారు, మనం 171కే ఆలౌట్. 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్. అక్కడి నుంచి మన హైదరాబాదీ లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. ఇద్దరూ కలిసి 376. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. 657 దగ్గర డిక్లేర్ చేసి, ఆస్ట్రేలియాని 212కి చుట్టేసి 171 పరుగుల తేడాతో గెలిచాం. ఇది టర్నింగ్ ది టేబుల్స్. ఒకే ఆట, మధ్యలో పలక తిరిగింది. తిప్పినవాడెవరో కూడా తెలుసు.

2002 ఫిబ్రవరి 3, ముంబయి వాంఖడే. ఆఖరి వన్డేలో ఇంగ్లండ్ 5 పరుగులతో గెలిచి సిరీస్ 3-3 చేసింది. ఆఖరి ఓవర్ వేసిన ఫ్లింటాఫ్ చొక్కా విప్పి మైదానంలో పరుగెత్తాడు. మన గడ్డ మీద, మన జనం ముందు. అదే ఏడాది జూలై 13, లార్డ్స్. ఇంగ్లండ్ 325. మనం 146కి 5 వికెట్లు. చాలా ఇళ్లలో టీవీలు ఆపేసి భోజనాలకి లేచారు. తర్వాత యువరాజ్ 69, కైఫ్ 87 నాటౌట్, మూడు బంతులు మిగిలుండగా రెండు వికెట్లతో గెలుపు. బాల్కనీలో గంగూలీ చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. ఇప్పుడు చూస్తూ నిలబడాల్సింది ఫ్లింటాఫ్. అదే పని, అదే అవమానం, ఈసారి వాళ్ల గడ్డ మీద. ఇదీ షూ ఆన్ ది అదర్ ఫుట్ అంటే. ఆ మ్యాచ్‌లో యువరాజ్, కైఫ్ ఆడిన ఆట మటుకు టర్నింగ్ ది టేబుల్స్. ఒకే సాయంత్రంలో రెండు జాతీయాలూ ఉన్నాయి, దేనికది విడదీసి చూడండి.

ఆరో మెట్టు: చుట్టాల్లా కనిపించే పరాయివాళ్లని పక్కన పెట్టండి

షూ అనే మాట ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. "పుట్ యువర్‌సెల్ఫ్ ఇన్ మై షూస్" అంటే నా స్థితిలో ఉండి ఆలోచించు అని. అక్కడ ఏదీ మారదు, ఊహ మాత్రమే. "వెయిటింగ్ ఫర్ ది అదర్ షూ టు డ్రాప్" అంటే ఒక చెడు జరిగింది, దాని రెండో భాగం ఎప్పుడొచ్చి పడుతుందా అని టెన్షన్‌తో కాచుకోవడం. పై వాటాలో ఉన్నవాడు రాత్రి ఒక బూటు విప్పి ధబ్బున పడేస్తే, కింద వాటావాడు రెండోది కూడా పడేదాకా నిద్రపోలేడు కదా. "ఇఫ్ ది షూ ఫిట్స్" ఇంకా వేరు. దానికి మన దగ్గర అంతకన్నా మంచి మాటే ఉంది: గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం.

ఏడో మెట్టు: తెలుగులోకి తెచ్చేటప్పుడు వస్తువుని వదిలేయండి

అసలు కష్టం ఇక్కడుంది. చెప్పు, బూటు అనే మాటలకి మన దగ్గర వేరే బరువుంది. చెప్పుతో కొట్టినట్టు అంటాం, చెప్పు తెగుతుంది అంటాం. తెలుగు డైలాగ్‌లో చెప్పు కనిపించిందంటే అవమానం వాసన వస్తుంది. కాబట్టి షూని మక్కీకి మక్కీ తేవద్దు.

మరి ఏం రాయాలి? అందరికీ ముందు గుర్తొచ్చేది ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి. దీని కథ కూడా షూ కథ లాంటిదే. ఓడ బండిగా ఎలా మారుతుంది? సుమతీ శతకంలో పద్యం చూస్తే అసలు రూపం తెలుస్తుంది. ఓడల మీద బళ్లు వస్తాయి, బళ్ల మీద ఓడలు వస్తాయి, కలిమిలేములు కూడా అలాంటివే అని. నీళ్ల మీద ఓడ బండిని మోస్తుంది, నేల మీద బండి ఓడని మోస్తుంది. ఎంత చక్కటి బొమ్మ! "మీద" అనే మాట అరిగిపోయి, మోయడం పోయి, అవడం మిగిలింది. ఒకరినొకరు మోయడం అనే పాత బొమ్మలో ఇద్దరున్నారు, అది షూకి దగ్గర. ఇప్పుడు జనం వాడే అర్థంలో మాత్రం డబ్బున్నవాడు లేనివాడవడం, లేనివాడు ఉన్నవాడవడం. అంటే అదృష్టం సంగతి. ఇద్దరి మధ్య లెక్క తేలడం అందులో ఉండి తీరాలని లేదు.

పూలమ్మిన చోట కట్టెలమ్మడం ఒక్క మనిషి కథ, అదీ కిందకి దిగే కథే. షేర్లలో పోగొట్టుకున్నాయనకి ఇది సరిపోతుంది. కథ అడ్డం తిరిగింది అంటే పథకం చెడింది అని, టేబుల్స్‌కి కొన్ని చోట్ల పనికొస్తుంది. తాను తీసిన గోతిలో తానే పడటం దగ్గరగా వస్తుంది గానీ, అక్కడ గొయ్యి తీసినవాడు ఒక్కడే ఉంటాడు, పైచేయి అయినవాడు కనపడడు. అత్తా ఒకింటి కోడలే అన్నది నాకు చాలా ఇష్టమైన పోలిక. ఇద్దరున్నారు, అధికారం ఉంది, మార్పు ఉంది. ఒక్కటే తేడా, అత్త ఆ బూటు కోడలి కన్నా ముందే తొడిగి వచ్చింది. సీన్ రివర్స్ అయింది అని కుర్రాళ్లు అంటున్నది మాత్రం సూటిగా అతుకుతుంది. సబ్‌టైటిల్‌కి నేను సందేహించకుండా వాడతాను, పాత్ర వయసు సరిపోతే.

కానీ చాలాసార్లు జాతీయానికి జాతీయం వెతకడమే పొరపాటు. జరిగిన పనినే తిప్పి చెబితే చాలు. మా ఇంట్లో మొన్న జరిగింది చూడండి. నాన్నకి ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టడం నేర్పుతున్నాను. నాలుగోసారి కూడా పిన్ కొట్టాల్సిన చోట ఫోన్ నంబరు కొట్టాడు. నా నోరు ఊరుకోలేదు. "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా?" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నింపాదిగా అన్నాడు: "పదమూడో ఎక్కం ఎన్నిసార్లు చెప్పానురా నీకు?" వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. ఇంగ్లిష్‌లో అయితే అమ్మ "షూ ఈజ్ ఆన్ ది అదర్ ఫుట్" అనేది. తెలుగులో ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. "ఎన్నిసార్లు చెప్పాలి" అన్న అదే వాక్యం మనిషి మారి పలికింది, అంతే.

మీరు అనువాదం చేస్తున్నా, మామూలుగా మాట్లాడుతున్నా ఇదే చేయండి. ముందు సీన్లో పైచేయిగా ఉన్నవాడు ఏమన్నాడో, ఏం చేశాడో వెతకండి. ఆ మాటో, ఆ వస్తువో రెండోవాడి చేతిలో పెట్టండి. ఆ సీరియల్ మొదటి ఎపిసోడ్‌లో గదిలో ఉన్నవి మూడే: లైటు, బల్ల, కుర్చీ. అవన్నీ నా కళ్ల ముందే ఉండగా నేను కాలి కిందకి చూసి బూటు పట్టుకున్నాను.

ఈ వ్యాసం రాస్తూ ఆ సీన్ మళ్లీ ఒకసారి వేసుకుని చూశాను. కుర్రాడు ఫైలు తెరుస్తాడు, చిన్నగా నవ్వుతాడు. రెండు సెకన్లు, ఒకే లైను పడుతుంది. "కుర్చీలు మారాయి సార్."

ఆ ఎడిటర్ అన్నకి వాట్సాప్‌లో పంపాను. కాసేపటికి జవాబొచ్చింది: "బాగుంది తమ్ముడూ. ఎపిసోడ్ పోయి ఆరేళ్లయింది."